రుద్రమదేవి రాజ్యకార్యములు నేర్చిన విధము

ఖిలా వరంగల్ రాతికోట గోడను లోపలివైపునుండి చూచినవారికి గోడ పొడవునను మెట్లు కట్టబడియుండుట కనబడును. సాధారణముగా కోటలయందు ద్వారముల ప్రక్కనో బురుజుల దగ్గఱనో మాత్రమే మెట్లుండును. ఇచ్చట అట్లు కాదు. శత్రువు ఏ దిక్కునుండి వచ్చినను భటుడు తానున్న చోటినుండియే గోడమీదికి ఎక్కిపోవచ్చును. ఈ మెట్ల నమర్పించినది రాణి రుద్రమదేవి యని పెద్దలు చెప్పుచు వచ్చిరి. మన విద్యార్థులు ఈ మెట్లను ఎన్నియో మారులు ఎక్కి దిగియుందురు. అవి ఎవరి ఆలోచన, ఆ ఆలోచన ఎట్టి అనుభవమునుండి పుట్టెను అని విచారించినవారు మాత్రము కొందఱే యుందురు.

ఈ సంవత్సరపు సంచికకు ఆ మహారాణి జీవితమును గూర్చి వ్రాయుదమని మేము తలంచితిమి. ఆమె పేరెఱుగని తెలుగువారు లేరు. గుఱ్ఱమునెక్కి కత్తి దూసిన రూపమున ఆమె విగ్రహములు ఊళ్ల కూడళ్లలో నున్నవి. నాటకములందును చలనచిత్రములందును ఆమెను చూచి సంతోషించినవారు పెక్కురు. అయినను, కత్తి దూయుట రాజునకు ఎన్ని దినముల పని? సుమారు ముప్పది యేండ్లు రాజ్యభారము వహించిన ఆమె రణరంగమున గడపిన దినములు కొన్నియే. తక్కిన దినములన్నియు సుంకముల లెక్కలతోను, చెఱువుల మరమ్మతులతోను, పొలిమేర తగవులతోను, దానశాసనములతోను, అధికారుల నియామకములతోను గడచినవి. ఆ పనులయందు ఆమె ఎట్లు నేర్పరి యయ్యెను? ఇదియే మేము విచారింపబూనిన విషయము. పరీక్షాఫలములు వెలువడు దినములలో తల్లిదండ్రులు మాతో చెప్పుకొను మాటకును దీనికిని దగ్గఱి సంబంధము కలదు. తమ బిడ్డకు మార్కులు వచ్చినవి గాని లోకపుతీరు పట్టుబడలేదనియు, దానిని మీరు ఏ తరగతిలో నేర్పుదురనియు వారు మమ్ము అడుగుచుందురు.

రుద్రమదేవి తండ్రి గణపతిదేవ చక్రవర్తి. ఆయన వృత్తాంతము కొంత చెప్పనిదే కుమార్తె వృత్తాంతము తెలియదు. కాకతీయులు మొదట కల్యాణి చాళుక్యులకు సామంతులు; అనుమకొండ వారి రాజధాని. ఆ వంశమున రుద్రదేవుడు స్వతంత్రుడై, 1163లో అనుమకొండయందు వేయిస్తంభముల గుడిని కట్టించెను. ఓరుగల్లున కోటకు పునాది వేసినవాడును అతడే యందురు. రుద్రదేవుని తమ్ముడు మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరి మరణించెను. మహాదేవుని కుమారుడగు గణపతి శత్రువుల చేత చిక్కెను. రాజపుత్రుడు పగవారి యింట బందియై, ఇతరుల దయాదాక్షిణ్యములమీద దినములు వెళ్లబుచ్చెను. తుదకు యాదవరాజగు జైతుగి విడిచిపుచ్చగా, 1199లో స్వదేశమునకు వచ్చి సింహాసన మెక్కెను. రాజు లేని ఆ కాలమున రేచెర్ల రుద్రుడను సేనాని రాజ్యమును కాపాడి, రాజు తిరిగి రాగానే ఆయనకు అప్పగించెను. చేతికందిన రాజ్యమును మరల అప్పగించినవారు చరిత్రలో అరుదు. పాలంపేటలో 1213లో రామప్ప గుడిని కట్టించినవాడు ఈ రేచెర్ల రుద్రుడే. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినప్పుడు పత్రికలన్నియు శిల్పమును పొగడినవి. కట్టించినవాని విశ్వాసమును గూర్చి కూడ రెండు మాటలు వ్రాసియుండిన బాగుండెడిది.

చెఱలో పెరిగిన గణపతిదేవుడు అరువది యేండ్లకు పైగా ఏలెను. తెలుగుదేశమున చాలభాగమును ఒక్క గొడుగు క్రిందికి తెచ్చెను. జయించినవారిని అణచివేయుట కంటె దగ్గఱకు తీసికొనుటయే ఆయన పద్ధతి. కృష్ణా సాగరసంగమమునందలి దివిసీమను గెలిచినప్పుడు అచ్చటి అయ్యవంశపు నాయకుని కుమార్తెలైన నారాంబను పేరాంబను వివాహమాడి, వారి సోదరుడు జాయపను తన కొలువున చేర్చుకొనెను. ఆ జాయప గజసైన్యమున కధిపతి యయ్యెను. 1254 ప్రాంతమున నృత్తరత్నావళి యను నాట్యశాస్త్రగ్రంథమును రచించెను. ఏనుగుల సాలను నడపువాడే నాట్యమునకు శాస్త్రము వ్రాసిన కొలువది. అట్టి కొలువునందు రుద్రమ పెరిగెను.

రాజగృహమున పెరుగు బాలిక చెవిని పడు మాట లెట్టివో ఒక్క ఉదాహరణముచే తెలిసికొనవచ్చును. సముద్రతీరమున, ఇప్పటి బాపట్ల జిల్లాలో, మోటుపల్లి యను రేవు కలదు. 1244వ సంవత్సర ప్రాంతమున గణపతిదేవుడు అచ్చట ఒక అభయశాసనమును చెక్కించెను. అంతకు పూర్వపు రాజులు, గాలివానకు తమ తీరమున చెడిన ఓడలలోని సరకును బలవంతముగా లాగుకొనెడివారు. ఓడ పగిలి, ప్రాణములు దక్కి, ఒడ్డున పడిన వర్తకునకు రాజభటుడే రెండవ తుపాను. గణపతిదేవుడు ఆ దుర్నయమును మాన్పించెను. సరకులో ముప్పదవ వంతు మాత్రమే సుంకముగా గొని తక్కినది వర్తకునకే విడుచునట్లు కట్టడి చేసెను. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టు, మిరియములు మున్నగు వస్తువులకు వేర్వేఱు సుంకములు ఆ శాసనమున నిర్ణయింపబడినవి.

ఇందలి వివేకమును మన పై తరగతుల విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. చెడిన ఓడను దోచుకొనిన రాజునకు ఒక దినమున ముప్పది పాళ్లకు ముప్పది పాళ్లును దక్కును. కాని ఆ వార్త వినిన ఓడలు మఱి ఆ రేవునకు రావు. ఒక్క పాలుతో తృప్తిపడిన రాజునకు ఏటేట ఓడలు వచ్చును. ఇట్టి తీర్పు చేయుటకు ముందు కొలువున ఎంతో చర్చ జరుగును. బొక్కసపు అధికారి ఒకటి చెప్పును, రేవు అధికారి వేఱొకటి చెప్పును. వర్తకులు తమ కష్టములు మొఱపెట్టుకొందురు. రాజు వినును, అడుగును, ఆగును, తుదకు చెప్పును. ప్రక్క నుండి దీనిని చూచిన బిడ్డకు ఆ నిర్ణయము ఎట్లు పుట్టినదో తెలియును. శాసనము రాతిమీది కెక్కిన పిమ్మట చదువుకొనిన మనకు తెలియునది ఆ నిర్ణయము మాత్రమే.

చెఱువులును అట్టివే. పాకాల చెఱువు, రామప్ప చెఱువు మున్నగు పెద్ద జలాశయములు గణపతిదేవుని కాలమున ఆయన అధికారులు కట్టించినవి. ఓరుగంటి సీమలో జీవనది లేదు. వాననీరు నిలిపిననే పంట. కట్ట కెంత వాలుండవలెను, తూము ఎచ్చట పెట్టవలెను, అలుగు ఎంత ఎత్తున నుండవలెను అను విషయములు ఈ సీమ రైతున కెంత ముఖ్యమో రాజునకును అంత ముఖ్యము. కట్ట తెగినచో రైతు గాదెకును రాజు బొక్కసమునకును ఒక్కసారియే గండి పడును. అందుచేత చెఱువు కట్టించి కాపాడినవారికి దాని క్రింది భూమిలోనో పంటలోనో పదవ వంతు ఇచ్చు దశబంధమను ఏర్పాటు నాడు వాడుకలో నుండెను.

ఇచ్చట మా విద్యార్థుల మాట ఒకటి చెప్పవలసియున్నది. తివాచీలు నేయు ఇండ్లనుండి వచ్చు పిల్లలు, రంగుల దారమును లెక్కపెట్టి పువ్వు ఎచ్చట మొదలగునో ఎచ్చట ముగియునో చూపున పట్టుటలో తక్కినవారిని మించుదురు. అంగడిలో తండ్రి ప్రక్క కూర్చుండు బాలుడు వడ్డీలెక్క వచ్చునప్పటికి పలక కొఱకు వెదకడు. ఇంట తల్లికి చేదోడుగా నుండు బాలిక, పదిమందికి వండవలసిన అన్నమునకు ఎసరు కొలత అడుగనక్కఱ లేదు. ఈ నేర్పులను మేము నేర్పలేదు; నేర్పితిమని చెప్పుకొనుటయు న్యాయము కాదు. కాని అదే బాలిక వడ్డీలెక్క చూచి బెదరును, అదే బాలుడు ఎసరు చూచి బెదరును. ఆమెను అంగడి గడప తొక్కనీయకపోవుటయు, అతనిని వంటయింటి గడప తొక్కనీయకపోవుటయు దీనికి కారణమని మేము తలంతుము. బిడ్డలను బడి మాన్పించి పనికి పంపుడని మేము చెప్పుటలేదు. అట్లు చేయువారితో మేము ప్రతి సంవత్సరము వాదించుచునే యున్నాము. ఇంటి వ్యవహారము బిడ్డ యెదుట జరుగనిండని మాత్రమే మా మనవి.

గణపతిదేవుడు తన యింట చేసినది ఇదియే. ఆయనకు కొడుకులు లేరు. రుద్రమ, గణపాంబ యను ఇరువురు కుమార్తెలు మాత్రమే. ఆ కాలపు రాజులకు ఇట్టి సందర్భమున దత్తతయో, అల్లుని సింహాసన మెక్కించుటయో మార్గము. రుద్రమకు నిడదవోలు చాళుక్యవంశీయుడగు వీరభద్రునితో వివాహమయ్యెను, ఆయనయు రాజవంశపువాడే. అయినను గణపతిదేవుడు రాజ్యమును అల్లునకు గాక కుమార్తెకే నిర్ణయించెను. గణపాంబ ధరణికోట నేలు కోటవంశపు బేతరాజును పెండ్లాడెను. బేతరాజు మరణించిన పిమ్మట ఆ సీమను ఆమెయే పాలించెను. యనమదల శాసనము ఆమె చేసిన ధర్మకార్యములను చెప్పుచున్నది. ఈ విషయము మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. ఒక్క కుమార్తెయే ఏలికయై యుండినచో, ఆమె పుట్టుకతోనే అసమానురాలని చెప్పి ఊరకుండవచ్చును. ఒకే యింటి కుమార్తెలిరువురును, ఒకరు ఓరుగల్లునను మఱియొకరు ధరణికోటయందును, రాజ్యములను నడపిరి. కావున చూడవలసినది ఆ యింటి పెంపకమును.

1260వ సంవత్సర ప్రాంతమున గణపతిదేవుడు తానుండగనే కుమార్తెను రాజ్యపాలనమున తనతో చేర్చుకొనెను. నాటినుండి ఆమె రుద్రదేవ మహారాజను పురుషనామముతో శాసనములయందు కనబడుచున్నది. తండ్రి ఆమెకు బాల్యమునుండి మగవేషము వేయించెనని కథలు కలవు. కథల మాట యటుండగా, పురుషనామము మాత్రము రాతిమీద నున్నది. స్త్రీ పేర వెలువడిన ఆజ్ఞను తలదాల్చుటకు సామంతులు సంశయింతురని యెఱిగియే ఆ పేరు పెట్టియుందురు. తాను చేయగల పనిని మఱియొకరి పేరు దాల్చి చేయవలసివచ్చుట ఎట్టి భారమో మన బాలికలకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

తండ్రి జీవించియుండగా పని చేయుట మొదలుపెట్టుటలో గొప్ప లాభము కలదు. తప్పు జరిగినను దిద్దువారు ప్రక్కనే యుందురు. 1261 నాటి మల్కాపురశాసనము ఆ కాలపు పనికి తార్కాణము. గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వరశంభువునకు కృష్ణాతీరమందలి మందడము గ్రామమును ఇత్తునని మాట యిచ్చెను. ఆ మాటను శాసనముగా మార్చి, వెలగపూడిని కూడ చేర్చి దానమిచ్చినది రుద్రమదేవి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయము ఉన్న వెలగపూడి అదియే. ఆ దానముతో అచ్చట మఠము, విద్యాలయము, అన్నసత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఏర్పడినవి. వేదములు, తర్కసాహిత్యములు చెప్పు ఉపాధ్యాయులకును, వైద్యునకును, లెక్కలు వ్రాయు కాయస్థునకును, గ్రామమునకు వలయు పనివాండ్రకును, కావలివారికిని భూములు కేటాయింపబడినవి. అన్నసత్రమున కులభేదము లేక అందఱికి అన్నము పెట్టవలెనని నియమము. ఏలిక స్త్రీ యైన కాలమున ప్రసూతిశాల రాతిశాసనమున కెక్కుటను మేము గమనింపక యుండలేము. మాట యిచ్చుట సులభము. ఎవరి కెంత భూమి, ఏ పొలిమేర, ఏ పనికి ఎవరు బాధ్యులు అని తేల్చి వ్రాయించుట దినదినము తలనొప్పి పెట్టు పని. తండ్రి మాటకు కుమార్తె చేసినది ఆ పని.

ఇంతలో కష్టకాలము వచ్చెను. 1263 ప్రాంతమున నెల్లూరికి సమీపమందలి ముత్తుకూరు యుద్ధమున పాండ్యరాజు చేతిలో కాకతీయసైన్యము ఓడిపోయెను. దక్షిణభాగము చేజాఱెను. వృద్ధుడగు గణపతిదేవుడు రాజ్యకార్యములనుండి తప్పుకొనెను. ఆడుది రాజ్యమేలుటను సహింపని బంధువులు తిరుగబడిరనియు, ఆమె వారిని అణచెననియు ప్రతాపచరిత్రము చెప్పును. అదే సమయమున పడమటినుండి యాదవరాజు మహాదేవుడు దండెత్తివచ్చెను. అరువది యేండ్లకు పైగా పూర్వము ఆమె తండ్రిని బంధించిన వంశమే యది. ఈ యుద్ధమును గూర్చి ఇరుపక్షములవారును వ్రాసికొనిరి. యాదవుల ఆస్థానపండితుడగు హేమాద్రి, స్త్రీ యని తలచి తమ రాజు ఆమెను విడిచిపెట్టెనని వ్రాసెను. రుద్రమ కొలువున నున్న సిందవంశపు భైరవుని శాసనము మాత్రము బీదరుకోటలో దొరకినది. బీదరు యాదవరాజ్యపు నేల. ఓడి పాఱిపోయినవారి మనుష్యుడు పగవాని కోటలో శాసనము వేయించుట పొసగదు గదా. పరీక్షయందు రెండు సాక్ష్యములు వచ్చినప్పుడు ఏది నమ్మవలెనో తేల్చుటకు విద్యార్థులకు ఇది మంచి అభ్యాసము.

ఈ విజయముల పిమ్మట ఆమె తండ్రి బిరుదమగు రాయగజకేసరిని తానును ధరించెను. శత్రురాజులు ఏనుగులైనచో తాను సింహమని దాని యర్థము. కోట నడుమ స్వయంభూదేవాలయమున ఆమె ఒక మండపమును కట్టించెను. సింహము నెక్కి కత్తియు డాలును ధరించిన స్త్రీమూర్తిని చెక్కిన శిల్పము ఆ మండపమునకు చెందినదని చెప్పుదురు. శాసనములలో పురుషనామము వహించిన రాణి, కొంతకాలము గడచి, తన కార్యములు తనకు సాక్ష్యమిచ్చిన పిమ్మట, శిల్పమునందు స్త్రీగానే కనబడినది. తూర్పున గోదావరీమండలమున కళింగసైన్యములు చొరబడినప్పుడు పోతినాయకుడు, ప్రోలినాయకుడు అను సేనానులు వానిని తరిమిరి.

ఆ నాయకుల మాట యెత్తితిమి గనుక, ఆమె పాలనమున మాకు అన్నిటికంటె మెచ్చుకోలు కలిగించు విషయము చెప్పుదుము. పెద్ద వంశములవారిని మాత్రమే నమ్ముకొనక, పనిలో సమర్థత చూపిన సామాన్యకుటుంబముల వారిని కూడ ఆమె అధికారములలో నియమించెను. కొంత భూభాగమును ఒక నాయకునకు అప్పగించుట, ఆతడు దాని ఆదాయముతో నిర్ణీతసైన్యమును పోషించి రాజునకు కావలసినప్పుడు తోడ్పడుట నాయంకరపద్ధతి. ఈ పద్ధతి ఆమె కాలమున వేళ్లూనెను. ఆమె మనుమని కాలమున విస్తరించెను. పుట్టుకచేత తన అర్హతను శంకించిన లోకమును చూచినది గనుక, ఇతరుల అర్హతను పుట్టుకచేత కొలుచుట ఆమెకు రుచింపలేదని మాకు తోచుచున్నది.

కోటపనియు ఆమె కాలమున సాగెను. తండ్రి కట్టించిన రాతిగోడను ఆమె ఇరువది యడుగుల వఱకు పెంచెను. ఆ గోడకు 45 బురుజులు కలవు. పెద్దపెద్ద నల్లరాళ్లు సున్నము లేకయే ఒకదానిపై నొకటి అమర్పబడినవి. రాతికోట అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. దానికి వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల అడ్డుకొలతతో మంటికోట, దాని చుట్టును వెడల్పైన కందకము కట్టించినది ఆమెయే. కందకము త్రవ్విన మన్నే గోడకు మన్ను. ఈ మంటికోటను చూచినపుడెల్ల మాకు చెఱువుకట్ట జ్ఞాపకము వచ్చును. మంటిని పొరలు పొరలుగా పోసి, తడిపి, తొక్కించి, దిమ్మిసలతో కొట్టించి, వానకు కరగని వాలున నిలుపుట ఈ సీమ పనివాండ్రు తరతరములుగా చెఱువులమీద నేర్చిన పని. ఆ పనిని చిన్ననాటినుండి ఎఱిగిన ఏలికకు, మంటితో నీటిని ఆపినట్లే సేనను ఆపవచ్చునని తోచుట సహజము.

ఆ గోడకు పరీక్ష ఆమె మరణించిన ఇరువది యేండ్లకు వచ్చెను. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ఓరుగంటిని ముట్టడించినప్పుడు, శత్రుపక్షపు కవియగు అమీర్ ఖుస్రో ఆ మంటిగోడ గట్టిదనమును గూర్చి ఉక్కు ఆయుధములు కూడ గ్రుచ్చుకొనలేవను అర్థమున వర్ణించెను. ఇక రాతిగోడ లోపలి మెట్ల విషయము మొదటనే చెప్పితిమి. ఒక్కొక్క చోట వానిని లెక్కించినచో పదునెనిమిది వఱకు వచ్చును. యుద్ధమున ఆలస్యము ఎచ్చట కలుగునో కన్నులార చూచినవారికే ఇట్టి యేర్పాటు తోచును. గోడ కట్టువాడు గోడ ఎత్తును చూచును. గోడమీదికి పరుగెత్తవలసిన భటుని కాళ్లను గూర్చి ఆలోచించినది రుద్రమ.

ఆమె తీర్పులన్నియు ఒప్పులే యని మేము చెప్పము. కాయస్థులను సేనానుల కుటుంబమొకటి గణపతిదేవుని కాలమునుండి కాకతీయుల కొలువున నుండెను. గంగయసాహిణి, పిదప జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు వరుసగా దక్షిణసీమను కాపాడిరి. పానుగంటినుండి కైవారకోట వఱకు గల విశాలదేశము వారి చేతిలో నుండెను. మువ్వురును విశ్వాసపాత్రులు. నాలుగవవాడగు అంబదేవుడు 1272 ప్రాంతమున అధికారమునకు వచ్చి, ఇరుగుపొరుగు సామంతులను ఒక్కొక్కరినే జయించుచు, తుదకు రాణినే ధిక్కరించెను. నిత్యానుభవము నేర్పు విద్యయందు ఈ లోటు కలదు. మూడు మారులు ఒకే విధముగా జరిగినది నాలుగవమారును అట్లే జరుగునని మనస్సు నమ్మును. రాజు రాగానే రాజ్యము నప్పగించిన రేచెర్ల రుద్రుని కథను వినుచు పెరిగిన ఆమెకు, సేనాని యనగా అట్టివాడే యను భావము బలపడియుండవచ్చును. అంత దేశమును ఒక్క కుటుంబమున విడిచియుంచుట పొరపాటని మా యభిప్రాయము.

ఆ తిరుగుబాటును అణచుటకు ఆమె వార్ధక్యమున స్వయముగా సైన్యముతో బయలుదేరెను. నల్లగొండ జిల్లాలో నకిరేకల్లు దగ్గఱ చందుపట్ల యను గ్రామమున 1289వ సంవత్సరము నవంబరు నెల నాటి శిలాశాసనమొకటి కలదు. రుద్రమదేవియు ఆమె సేనాని మల్లికార్జుననాయకుడును శివలోకము చేరిరనియు, వారి పుణ్యము కొఱకు పువ్వుల ముమ్మడి యను సేవకుడు కొంత భూమిని దానము చేసెననియు అది తెలుపుచున్నది. రాణియు సేనానియు ఒక్కసారియే గతించిరనగా అంబదేవునితో జరిగిన పోరాటమునందే యని చరిత్రకారులు ఊహింతురు. ఈ శాసనము వెలుగునకు రాక పూర్వము ఆమె 1295 వఱకు ఏలెనని వ్రాయుచుండిరి. పాత పుస్తకములు చదువు విద్యార్థులు తేదీని దిద్దుకొందురు గాక. చక్రవర్తులు సామంతులు వేయించిన శాసనములు ఎన్నియో కలవు. ఈ రాణి మరణమును మనకు తెలిపినది మాత్రము ఒక సేవకుని రాయి.

రుద్రమకు కూడ కొడుకులు లేరు. పెద్దకుమార్తె ముమ్మడాంబ కుమారుడు ప్రతాపరుద్రుని ఆమె వారసునిగా గ్రహించెను. తండ్రి తనను ప్రక్కన నుంచుకొని పని నేర్పినట్లే, ఆమెయు మనుమని చిన్ననాటనే రాజ్యకార్యములలో దింపెను. కుమారరుద్రదేవుడను పేర అతడు శాసనములలో కనబడును. అవ్వ మరణించినప్పుడు రాజ్యము కలత చెందియుండెను. అంబదేవుడు 1290లో త్రిపురాంతకమున తన విజయములనెల్ల రాతికెక్కించుకొనెను. మఱుసటి సంవత్సరమే ప్రతాపరుద్రుని సేనలు అతనిని ఆ సీమనుండి తరిమినవి. పనికి క్రొత్తవాడు అంత వేగముగా కదలలేడు. ప్రతాపరుద్రుడు 1323 వఱకు ఏలెను.

1293 ప్రాంతమున వెనీసు యాత్రికుడు మార్కోపోలో మన తీరమున గల మోటుపల్లిని గూర్చి వినెను, లేక చూచెను. ఆ దేశమును మిక్కిలి వివేకవతియగు రాణి యేలుచున్నదనియు, ఆమె భర్త మరణించి నలువది యేండ్లైనదనియు, ఆయనవలెనే న్యాయముగా పాలించుచు ప్రజల ప్రేమను చూఱగొన్నదనియు అతడు వ్రాసెను. వజ్రములను గూర్చియు, సాలెగూటివలె పలుచనైన వస్త్రములను గూర్చియు వ్రాసెను. తండ్రిని భర్తగా పొరబడెను. యేండ్ల లెక్కయు తప్పెను. అప్పటికి రుద్రమదేవి మరణించి నాలుగేండ్లు కావచ్చెను, ఓరుగంట మనుమడు ఏలుచుండెను. అయినను ముప్పదవ వంతు సుంకము మాత్రమే చెల్లించి నిర్భయముగా సరకు దింపుకొను ఆ రేవు వర్తకులు, ఆ దేశము రాణిదేననియే చెప్పుకొనుచుండిరి కాబోలు.